మొదటి పొయ్యి ఎవరు ముట్టించారు?

నా భార్య గత నెలలో ఒక ఉదయం పోయింది. గుండె ఆగింది. కాఫీ కలిపి రెండు గ్లాసుల్లో పోసి నన్ను పిలిచింది. నేను పేపరు మడిచి వంటింట్లోకి వెళ్ళేసరికి పీట మీద కూర్చుని గోడకి ఆనుకుని ఉంది. పలకలేదు. అంతకు మించి రాయలేను.

ఈ పత్రికలో పదేళ్ళకు పైగా విశాఖపట్నం పాత హోటళ్ళ గురించి ఆవిడ రాసినవి చదివినవాళ్ళలో చాలామందికి కబురు అందలేదు. ఇప్పటికీ ఆవిడ పేరున ఉత్తరాలు వస్తున్నాయి. మా వీధిలో ఫలానా మెస్సు ఉండేది, దాని సంగతి ఎప్పుడు రాస్తారని. ఒక్కొక్కరికీ జవాబు రాయడం నా వల్ల కావడం లేదు. అందుకని అందరికీ కలిపి ఇది రాస్తున్నాను.

ఆవిడ ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పేది. నేను పోర్టులో గుమాస్తాని. ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. ఆవిడది ఈ ఊరే. పాత ఊళ్ళో పుట్టి పెరిగింది. క్లాసులో పుస్తకం లాంటి తెలుగు మాట్లాడేది, హోటలు వంటింట్లోకి వెళ్తే ఇక్కడి తెలుగు. మొదటి రెండేళ్ళు ఆ రెండోది నాకు సగమే అర్థమయ్యేది.

ఈ పని ఎలా మొదలైందో చెబుతాను. డెబ్బైల మొదట్లో ఒకసారి, మీ వీధిలో అన్నిటికన్నా పాతదేదో రాసుకు రమ్మని పిల్లలకు చెప్పింది. అందరూ గుడి గురించో, కోట గోడ గురించో రాశారు. ఒక అమ్మాయి తన వీధి చివరి కాఫీ హోటలు గురించి రాసింది. క్లాసంతా నవ్విందట. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులైనా విప్పకుండా నాతో అంది: “రాజులు ఎక్కడ తిన్నారో పుస్తకాల్లో ఉంది. ఈ ఓడరేవు తవ్వినవాళ్ళు ఎక్కడ తిన్నారో ఎక్కడా లేదండీ.”

ఆ ఆదివారం నుంచి మేము నడవడం మొదలుపెట్టాం. సత్రాలు, పూటకూళ్ళ ఇళ్ళు, టిఫిన్ హోటళ్ళు, రైల్వే స్టేషను ఎదుటి లాడ్జీలు. ఎక్కడికి వెళ్ళినా ఆవిడ మొదట అడిగేది ఒకటే ప్రశ్న. ఇక్కడ మొదటి పొయ్యి ఎవరు ముట్టించారు? ఎప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు అని అడిగితే యజమానులు తేదీలు, పేర్లు గడగడా చెప్పేవారు. పొయ్యి అనేసరికి ఆగి ఆలోచించేవారు. ఆ ఆగడం కోసమే అలా అడుగుతానని నాకు చెప్పింది.

రేవు దగ్గరి బార్లు, సారా కొట్లు మాత్రం ఆవిడ వల్ల అయ్యేవి కావు. ఆ రోజుల్లో కాలేజీ లెక్చరరు, అందులోనూ ఆడమనిషి, అలాంటి చోటుకు వెళ్ళడం ఊహకు కూడా అందని సంగతి. అందుకని నేను వెళ్ళేవాణ్ణి. నాకు తాగుడు అలవాటు లేదు. ఆవిడ వీధి మలుపులో రిక్షాలో కూర్చునేది. నేను ఐదు ప్రశ్నలు కంఠతా పట్టి లోపలికి వెళ్ళి, సోడా తెప్పించుకుని, పక్కన కూర్చున్న ముసలివాళ్ళను కదిపేవాణ్ణి. కాగితం తీస్తే ఎక్సైజు మనిషినని అనుకుని లేచిపోతారు. కాబట్టి అన్నీ గుర్తుపెట్టుకుని రిక్షాలో అప్పజెప్పాలి. సగం మరిచిపోయేవాణ్ణి.

ఒకసారి మూడో బారు నుంచి బయటికి వచ్చాక చాలాసేపు ఏదో చెప్పాను. ఓపిగ్గా విని అంది: “మీరు సోడా రుచి చెబుతున్నారు. నేనడిగింది గోడ ఎప్పుడు కట్టారని.”

ఇంకో బారులో కౌంటరు దగ్గరి మనిషికి నిజం చెప్పేశాను. మా ఆవిడ చరిత్ర రాస్తోంది, ఆవిడ తరఫున వచ్చానని. ఆయన సీసా కింద పెట్టి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. “పెళ్ళాం వద్దంటే వొచ్చినోళ్ళని రోజూ సూత్తన్నాను బావా. పెళ్ళాం ఎల్లమంటే వొచ్చినోడివి నువ్వే.” ఆ తర్వాత ఏం అడిగినా చెప్పాడు. రేవులో మొదటి కొట్టు తాటాకు పాకలో ఉండేదని, నావికులు అక్కడే పాటలు పాడేవారని, ఆ పాక ఎవరిదో కూడా. ఆ మాట రిక్షాలో చెబితే నా భార్య ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది.

అసలు చెప్పవలసింది ఆవిడ చేసిన తప్పు గురించి. తనే దాన్ని దాచలేదు కాబట్టి నేనూ దాచను.

రేవుకు వెళ్ళే దారిలో ఒక పాత టిఫిన్ హోటలు ఉంది. పేరు చెప్పను, తెలిసినవాళ్ళకు తెలుసు. దాని యజమాని పెద్దమనిషి. తన తండ్రి ఈ హోటలు ఎలా పెట్టాడో మాకు రెండు గంటలు చెప్పాడు. ఆడవాళ్ళ కోసం పరదా కట్టిన గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. చివర్లో సాంబారు కాచే ఇత్తడి గుండిగను పరదా దగ్గరికి మోయించి తెప్పించి చూపించాడు. పెద్దది, ఇద్దరు మోస్తే గాని కదలదు. అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు, ఆయన తండ్రిది. మన ఇళ్ళలో గిన్నె ఎవరిదో తేల్చేది దాని మీద కొట్టించిన పేరే కదా. నా భార్యకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆ తండ్రిగారే మొదటి పొయ్యి ముట్టించారని ఈ పత్రికలోనే రాసింది.

వారం తిరిగేసరికి ఒక ముసలావిడ మా క్వార్టరు గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే మెట్టు మీదే కూర్చుంది. ఆ హోటల్లో ముప్ఫై ఏళ్ళుగా పప్పు రుబ్బే మనిషి. మొదట మంచినీళ్ళు అడిగింది, తాగింది, తర్వాత చెప్పింది.

“నాను సదూకోలేదమ్మా. మా మనవరాలు సదివి ఇనిపించింది. అది మాయమ్మ ఎట్టిన ఓటలు తల్లీ.”

వాళ్ళది పద్మనాభం దగ్గర ఊరు. రేవు తవ్వుతున్న రోజుల్లో వాళ్ళ అమ్మ సన్యాసమ్మ చిన్నపిల్లగా ఉన్న ఈవిడ చెయ్యి పట్టుకుని ఇక్కడికి వచ్చింది. కూలీలకు గట్టు మీద ఇడ్లీ పెట్టింది. తర్వాత పాక వేసింది. యజమాని తండ్రి ఆ పాకలో వడ్డించడానికి చేరాడు. మంచివాడే. సన్యాసమ్మకు పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోతే హోటలు ఆయన చేతికి వచ్చింది. ఆమెను చివరిదాకా ఆయనే చూశాడు. కూతురు రుబ్బురోలు దగ్గర కూర్చుంది. కాలం గడిచింది. పాక పోయి మేడ వచ్చింది. సన్యాసమ్మ పేరు ఎవరూ కావాలని తీసెయ్యలేదు, ఎవరూ తలవలేదంతే.

నా భార్య వచ్చి ఆ మెట్టు మీదే పక్కన కూర్చుంది. ఆ రోజు నువ్వెక్కడున్నావని అడిగింది.

“మీరు పరదా గదిలో కూకుని కాపీ తాగతన్నప్పుడు నాను గోడవతల రుబ్బతన్నాను. నీ మాటలన్నీ ఇనిపించినాయి. పొయ్యి ఎవులు ముట్టించినారని అడిగినావు. నన్నడుగుతావేమో అనుకున్నాను.”

ఆ మాట నా భార్యను ఎంత పట్టుకుందో నేను పక్కనుండి చూశాను. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

ముసలావిడకు హోటలు అక్కర్లేదు, వాటా అక్కర్లేదు. వాళ్ళ అమ్మ పేరు కావాలి. అదీ తను బతికుండగానే. ఆ సంగతి యజమానికి చెప్పబోతే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. పేరుతో మొదలుపెట్టి రేపు వాటా అడుగుతారన్నది ఆయన భయం. పత్రిక సంపాదకుడు ఆధారం కావాలన్నారు. ఆయన తప్పేమీ లేదు. ముసలావిడ చెప్పిన ఆధారం ఒకటే. గుండిగ మొదట వాళ్ళ అమ్మదే. అడుగు పక్కన అమ్మ పేరు కొట్టించి ఉండేది. తను చిన్నప్పుడు ఆ చుక్కల మీద వేలు పెట్టి ఆడుకునేదట.

అడుగున నలభై ఏళ్ళ మసి. రోజూ పొయ్యి మీద ఉండే గిన్నె. దాన్ని దించి తిరగేసి తోమి చూపించమని ఎవరు అడుగుతారు, ఎవరు ఒప్పుకుంటారు? నేను వదిలెయ్యమన్నాను. ఆవిడ వదల్లేదు. వారం రోజులు ఆలోచించి ఒకరోజు అంది: “ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తున్నారంటే లోపల తగరం కళాయి వేయించక తప్పదు. కళాయి వేసే రోజు గుండిగ వీధిలోకి వస్తుంది.”

కళాయి సాయిబు రెండు మూడు నెలలకొకసారి వస్తాడు. ఆవిడ ఆయన ఇల్లు కనుక్కుని వెళ్ళింది. ఏ రోజు ఆ హోటలుకు వెళ్తాడో తెలుసుకుంది. ఆ రోజు ఇద్దరం సెలవు పెట్టాం. హోటలు ముందు గుంట తవ్వి, తిత్తి అమర్చి, నిప్పు రాజేసే ముందు సాయిబు గుండిగను ఒరగేశాడు. నా భార్య సంచిలోంచి చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు తీసింది. వీధిలో అందరి ముందూ గొంతుకూర్చుని అడుగు తోమడం మొదలుపెట్టింది. పట్టుచీర కాదు గాని మంచి చీరే. యజమాని గల్లాపెట్టె వదిలి గుమ్మంలోకి వచ్చాడు. ఏం చేస్తున్నారని అడిగాడు. నేను రాసింది తప్పో ఒప్పో చూసుకుంటున్నానండీ అంది, తల ఎత్తకుండా.

మసి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ముప్పావు గంట పట్టింది. ముందు ఒక చుక్క, తర్వాత వరసగా నాలుగు. సాయిబు నీళ్ళు పోశాడు. పద్మనాభం సన్యాసమ్మ. చెక్కినవాడికి అక్షరాలు సరిగ్గా రానట్టుంది, వంకరగా ఉన్నాయి గాని చదవడానికి వీలుగానే ఉన్నాయి.

ముసలావిడ లోపలి నుంచి పిండి చేతులతో వచ్చి చూసింది. ముట్టుకోలేదు.

యజమాని వంగి ఒకసారి చదివాడు, మళ్ళీ చదివాడు. “మా నాయన మాకీ మాట సెప్పలేదండి” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. ముసలావిడ జవాబిచ్చింది. “మీ నాయన మాయమ్మకి ముద్ద కలిపి నోట్లో ఎట్టినాడు బాబూ. అదీ రాయమను.”

నా భార్య రెండూ రాసింది. సంపాదకుడు లోపలి పేజీలో ఒక మూల వేస్తానన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. తప్పు ఏ పేజీలో రాశామో అదే పేజీలో దిద్దాలంది. నాలుగు వారాలు పట్టింది గాని అదే పేజీలో వచ్చింది. మొదటి వాక్యం నాకు గుర్తుంది: నేను అడగవలసిన మనిషిని అడగలేదు.

యజమాని తన తండ్రి ఫోటో పక్కన పెడతాను, సన్యాసమ్మ ఫోటో ఇమ్మన్నాడు. ఆమె ఎన్నడూ ఫోటో తీయించుకోలేదు. నా భార్య మంచి అట్ట మీద పెద్ద అక్షరాలతో ఆ పేరు రాసి ఇచ్చింది. ఆయన దానికి అద్దం బిగించి తగిలించాడు. కూతురు మూడేళ్ళు దాని కింద నుంచే లోపలికి వెళ్ళి వచ్చింది. తర్వాత పోయింది.

ఆ తర్వాత నా భార్య ఏ హోటలుకూ వీధి గుమ్మం నుంచి వెళ్ళలేదు. దొడ్డి వైపు నుంచి వెళ్ళి, ముందు రుబ్బేవాళ్ళను, తోమేవాళ్ళను పలకరించేది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు పేరు చెబుతాడు, రుబ్బురోలు దగ్గరున్న మనిషి సంగతి చెబుతుంది, అనేది. ద్వారకా నగర్లో కొత్త హోటళ్ళు లేస్తుంటే ప్రారంభం రోజే వెళ్ళి, ఈ ఉదయం పొయ్యి ఎవరు ముట్టించారని అడిగి రాసుకునేది. ఇది చరిత్రేమిటి, నిన్న కట్టిన మేడ కదా అంటే, ఇప్పుడు అడిగితే తప్పు రాయం అనేది.

ఆవిడ నోటు పుస్తకాలు ఇరవై రెండు ఉన్నాయి. ఆవిడ దగ్గర చదువుకున్న ఇద్దరు అమ్మాయిలు వచ్చి పట్టుకెళ్ళారు. ఒకమ్మాయి లెక్చరరు, ఇంకొకామె బ్యాంకులో పనిచేస్తోంది. బార్ల సంగతి మేమే వెళ్ళి అడుగుతాం బాబాయిగారూ, మీరు రిక్షాలో కూర్చోండి అన్నారు. ఇంట్లో కాఫీ నేనే పెట్టుకుంటున్నాను. ఇంకా కుదరడం లేదు.

పోయిన వారం కబురు చెప్పడానికి రేవు దారిలో ఆ హోటలుకు వెళ్ళాను. యజమాని లేడు, సింహాచలం వెళ్ళాడన్నారు. సర్వరు కొత్తవాడు, నన్నెరగడు. ఇడ్లీ చెప్పి కూర్చున్నాను. నా ఎదుటి బల్ల దగ్గర స్టీలు ప్లాంటు పనికి వచ్చినాయన, టోపీ పక్కన పెట్టుకుని, గోడ మీద ఫోటో లేకుండా ఉత్త పేరుకు దండ వేశారేమిటని అడిగాడు.

“ఆ యమ్మే ఈ ఓటలు ఎట్టింది,” అన్నాడు సర్వరు, సాంబారు పోస్తూ. “రేవు తవ్వినోళ్ళకి ఇడ్డిలీ ఎట్టింది ఆవిడే. ఆ పక్క పోటోలో పెద్దాయన ఆవిడ కాడ పని సేసినాడు. ఆవిడ మంచం పడితే ముద్ద కలిపి ఎట్టినాడు.”

నేను ఉండబట్టలేక, ఈ సంగతి నీకు ఎవరు చెప్పారని అడిగాను.

వాడు నా వైపు వింతగా చూశాడు. “ఎవులో సెప్పడమేటండి? అందరికీ తెల్సు.”

బకెట్టు ఊపుకుంటూ పక్క బల్లకు వెళ్ళిపోయాడు. ఎదుటాయన ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని, తల పైకెత్తి, గోడ మీది ఆ పేరును ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదువుతున్నాడు.