రాహుకాలంలో కట్టిన ప్రోగ్రాం

మొన్న ఆదివారం, కుప్పంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా తమ్ముడి కూతురు మదనపల్లెకు వచ్చి, మా వరండాలో కాళ్లు చాపుకొని కూర్చుని, ఒళ్లోని లాప్‌టాప్‌లో నల్లటి తెర మీద ఒక్క వరస టైపు చేసి ఎంటర్ కొట్టింది. కావలసినవన్నీ ఎక్కడెక్కడినుంచో లాప్‌టాపే తెచ్చుకుంది, రాసినదాన్ని అదే సర్దింది, అదే పరీక్షించుకుంది, నేను కళ్లజోడు తుడుచుకునేలోగా ప్రోగ్రాం తయారైపోయింది. బొమ్మలూ బటన్లూ లేకుండా మాటలతోనే పని చెప్పే ఆ నల్లతెరను చూడగానే నాకు మా మేనమామ గుర్తుకొచ్చాడు.

మన ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లేవాళ్లం. వేరుశనగ విత్తనాల వ్యాపారం మానేసి మదనపల్లె బస్టాండు పక్కన కంప్యూటర్ సెంటర్ పెట్టిన మామ ఒక అడుగు ముందుకేసి, దానికి రోజూ ఊదుబత్తి కూడా వెలిగించేవాడు. బి.కొత్తకోట నుంచి బస్సులో వచ్చి అక్కడ ప్రోగ్రాములు రాయడం నా మొదటి ఉద్యోగం. నాకు ఆ పనంటే ప్రాణం.

అప్పట్లో మేక్ అని ఒక కమాండ్ ఉండేది. ముక్కలు ముక్కలుగా ఫైళ్లలో రాసుకున్న ప్రోగ్రాంలో ఏ ముక్క మారిందో చూసుకొని, దాన్ని మాత్రమే మళ్లీ తయారుచేసి, అన్నింటినీ కలిపి కట్టేది. మారిందీ లేనిదీ ఫైలు మీద పడిన టైమును, దాన్నుంచి ఇంతకుముందు తయారైన ముక్క మీది టైముతో పోల్చుకునే దానికి తెలుస్తుంది. మా కంప్యూటర్‌లో బ్యాటరీ చచ్చిపోయి ఉండడంతో, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైము మనమే చెప్పాల్సి వచ్చేది. ఆ పని మామ ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

మాకు దొరికిన మొదటి పెద్ద పని పుంగనూరులో ఒక టమోటా మండీది. రైతులు తెచ్చిన సరుకుకు ఎవరి చీటీ వాళ్లకు అచ్చువేసి ఇవ్వాలి. మా వైపు ఊరికో రెడ్డెప్ప ఉంటాడు కదా, తంబళ్లపల్లె రెడ్డెప్ప బుట్టలూ బైరెడ్డిపల్లె రెడ్డెప్ప బుట్టలూ ఒకే చీటీలో పడ్డాయని శుక్రవారం ఉదయం ఫోన్ వచ్చింది. పేరుతో పాటు ఊరును కూడా చూసేలా దిద్దితే సరిపోతుందని నేను కూర్చోబోయేసరికి రాహుకాలం మొదలైంది. మామ నన్ను పక్కకు జరగమని, కంప్యూటర్ గడియారాన్ని వెనక్కి తిప్పి, తెల్లవారుజామున ఏదో మంచి ఘడియలో నిలబెట్టి, ఇప్పుడు మొదలుపెట్టమన్నాడు. దిద్దాను, మేక్ కొట్టాను, అంతా సరిగానే ఉందన్నట్టు ఒక వరస వచ్చింది, ఫ్లాపీని దుమ్ము తగలకుండా టిఫిన్ డబ్బాలో పెట్టుకొని ఇద్దరం పుంగనూరు బస్సెక్కాం.

అక్కడ రెడ్డెప్పలిద్దరూ మళ్లీ ఒకే చీటీలో వచ్చారు. మండీ యజమాని కోప్పడలేదు గానీ, "రేపు గూడా ఇట్లే ఉంటే వద్దులేమ్మా, మా గుమాస్తా చేత్తోనే రాసుకుంటాడు" అన్నాడు. ఈ పని పోతే సెంటర్ మూసేసి మళ్లీ విత్తనాలు అమ్ముకుంటానని తిరుగు బస్సులో మామ కిటికీవైపు చూస్తూ అన్నాడు. నా ఉద్యోగమూ దానితోనే పోతుందని ఆయన అనలేదు, నాకే తెలుసు.

మర్నాడు పొద్దున ఫైళ్ల టైములు వరుసగా చూస్తుంటే విషయం బయటపడింది. నేను దిద్దిన ఫైలు మీద మామ పెట్టిన తెల్లవారుజాము ఉంది, శుక్రవారం పొద్దున ఫోన్ రాకముందే నేను ఒకసారి కట్టి ఉంచిన ముక్క మీద ఆ తర్వాతి టైము ఉంది. దిద్దినదే పాతదనుకొని మేక్ దాన్ని ముట్టుకోనేలేదు. పాత ముక్కలన్నీ చెరిపేసి మొదటినుంచీ కట్టాలి, ఆ కంప్యూటర్‌కు అది చాలాసేపు పట్టే పని, ఇప్పుడే మొదలుపెడితే తప్ప పుంగనూరు బస్సు అందదు. తీరా శనివారం రాహుకాలం అప్పుడే మొదలైంది. గడియారం తిప్పినందువల్లే ఇలా అయిందని మెల్లగా చెప్పాను. మామ ఇంకో ఊదుబత్తి వెలిగించాడు. ఆ మనిషి పెళ్లిచూపులకు కూడా రాహుకాలం దాటేదాకా వీధి చివర నిలబడ్డవాడు.

చివరికి కండువా భుజాన వేసుకొని లేచాడు. "నేను టీ తాగొస్తానమ్మా. నువ్వు ఈడ ఏం చేస్తాండావో నేను సూడలేదు" అని చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు.

ఆ రోజు పుంగనూరులో రెడ్డెప్పలకు వేరువేరు చీటీలు వచ్చాయి. యజమాని వాటిని వెలుతురులో పట్టుకొని చదివి, సోమవారం నుంచి ఇదే వాడదామన్నాడు. ఆ తర్వాత మామ కంప్యూటర్ గడియారం జోలికి పోలేదు. గోడకు ఇంకో గడియారం కొని తగిలించి, తిప్పాలనిపించినప్పుడల్లా దాన్నే తిప్పుకునేవాడు.

ఇదంతా చెబితే మేనకోడలు పకపకా నవ్వింది. ఇప్పుడు లాప్‌టాప్‌కు టైము ఎక్కడినుంచో దానంతటదే వస్తుందట, చెప్పాల్సిన పనే లేదట. నిజమే, అంతా సుఖంగా ఉంది. కానీ ఒక పని మొదలుపెట్టే ముందు అంత భయం, అంత భక్తి మనకు ఉండేవి, అవి ఎప్పుడు పోయాయో నాకు గుర్తు లేదు. పిల్ల మళ్లీ ఏదో మార్చి ఎంటర్ మీద వేలు పెట్టింది. నా చూపు గోడ గడియారం వైపు పోయింది. ఆదివారం, నాలుగున్నర దాటింది, రాహుకాలం.

"నేను టీ పెట్టుకొస్తానమ్మా" అని లేచి లోపలికి వెళ్లాను.