చీటీలు లేని రాగి చుట్టలు

మస్తాన్ కేసు గురించి మా ఆఫీసులో ఎవరు చెప్పినా ఒకటే చెబుతారు: వీఆర్వో మేడమ్ కోర్టులో నిజం చెప్పి ఒక అమాయకుణ్ణి విడిపించిందని. వింటే నాకు ఒళ్లు మండుతుంది. అతణ్ణి లోపల వేయించిన సంతకం ఎవరిదో కూడా చెప్పండి మరి.

2018 వేసవి. నకరికల్లు వైపు ఒక ఊరికి నేను వీఆర్వోని. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోతున్నారని రైతులు గోల పెడుతున్న రోజులు. మస్తాన్ రోడ్డు పక్క కొట్లో మోటార్లకు వైండింగ్ చేసేవాడు, అంటే కాలిన తీగ విప్పేసి కొత్తది చుట్టడం. అలాంటి కొట్లో రాగి ఉండక ఉప్పు బస్తాలుంటాయా?

వారంటు లేకుండా పోలీసులు గడప తొక్కకూడదని చాలామంది నాతో వాదిస్తారు. తప్పు. దర్యాప్తులో ఉన్న కేసులో, సొత్తు ఫలానా చోట ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే, దాన్ని కాగితం మీద పెట్టి సోదా చేయొచ్చు. అరెస్టుకూ నేరం రుజువు కానక్కర్లేదు, సహేతుకమైన అనుమానం చాలు. కానీ ఆ అనుమానం దేనివల్ల వచ్చిందో చెప్పగలగాలి. సోదా దగ్గర ఇద్దరు సాక్షులుండాలి. వాళ్లను మీడియేటర్లంటారు. వాళ్లు చూసింది రాసే కాగితం పంచనామా. మా దగ్గర ఆ ఇద్దరూ ఎప్పుడూ వీఆర్వో, తలారి.

ఒకరోజు స్టేషన్‌కు రమ్మని ఫోనొస్తే వెళ్లాను. మస్తాన్ కొట్లో సోదా అప్పటికే అయిపోయింది. మూలన రెండు గోతాల రాగి చుట్టలున్నాయి. రైటరు, అంటే స్టేషన్లో రాతపని చూసే కానిస్టేబులు, పంచనామా నా ముందుకు తోశాడు.

"ఎండలో మీరెందుకు మేడమ్, అంతా రాసేశాం."

తలారి సంతకం అప్పటికే ఉంది. కొట్లో, మా సమక్షంలో స్వాధీనం చేసుకున్నట్టు రాసి ఉంది. చదివే సంతకం పెట్టాను. అంతకుముందు అలాంటివి ఎన్ని పెట్టలేదు?

మర్నాడు మస్తాన్ భార్య కాశింబి ఆఫీసుకొచ్చింది.

"ఏందక్కా, మా కొట్టు గుమ్మమన్నా తొక్కావా నువ్వు?"

దొంగసొత్తు లేకపోతే పోలీసులు ఊరికే వస్తారా అన్నాను. నా నోటి దురుసుకు తోడు కుర్చీ అధికారం ఒకటి.

"నువ్వొస్తే కనపడేది. ప్రతి చుట్టకీ చీటీ ఉంది. మోటారు ఎవురిదో పేరుంది."

విప్పిన పాత రాగి రైతుది. మోటారు తీసుకెళ్లేటప్పుడు అదీ అడుగుతాడు. అందుకని మస్తాన్ ఒక్కో చుట్టకూ పేరు రాసిన అట్టముక్క కట్టేవాడు. పంచనామాలో చీటీల మాటే లేదు. గోతాల్లోనూ లేవు. ఎక్కడ ఊడాయో, ఎవరు తీశారో చూడాల్సినవాళ్లం మేమే. మేము అక్కడ లేము.

నలభై రోజులు అతను సబ్‌జైల్లో ఉన్నాడు. మూడేళ్లకు నరసరావుపేట కోర్టులో నా వంతు వచ్చింది. చుట్టలకు చీటీలున్నాయా అని మస్తాన్ తరఫు లాయరు అడిగాడు.

"తెలియదు. నేను అక్కడికి వెళ్లలేదు. సంతకం స్టేషన్లో పెట్టాను."

ప్రాసిక్యూటరు నన్ను హోస్టైల్ అన్నాడు, అంటే తమ సాక్షే తమకు ఎదురు తిరిగిందని. సోదాకు కారణమేమిటని అడిగితే సోదా చేసిన ఎస్సై "నమ్మదగిన సమాచారం" అన్నాడంతే. ఎవరిచ్చారో, ఏమన్నారో కాగితం మీద లేదు. కేసు కొట్టేశారు. నాకు పైనుంచి మెమో వచ్చింది, రావాల్సిందే.

తీర్పు రోజు కోర్టు బయట మస్తాన్ కనిపించాడు. రైతులు మోటార్లివ్వడం మానేశాక కొట్టు ఎత్తేశాడట. మాచర్లలో ఎవరి దగ్గరో కూలికి చుడుతున్నాడు. నేను ఏదో అనబోయాను.

"ఆరోజే వచ్చుంటే చానా బాగుండేది మేడమ్," అని బస్సు కోసం వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను కళ్లతో చూడనిదాని కింద సంతకం పెట్టలేదు. ఇప్పుడు సోదాను వీడియో తీయాలని కొత్త చట్టం వచ్చింది. మంచిదే. కానీ "ఎందుకు?" అని కెమెరా అడగదు. మండలంలో అన్ని వైండింగ్ కొట్లుండగా ఇతని కొట్టే ఎందుకని, పెన్ను మూత తీసేముందు నేను ఒక్కమాట అడిగి ఉంటే, ఎస్సై దగ్గర చెప్పడానికి ఏమైనా ఉండేదా?