గడి గోడ పొడవునా

కోటలాంటి మా గడి ముందు ఎవరూ సైకిలెక్కి పోయేవారు కాదు. దిగి, చెప్పులు చేతబట్టుకుని, గోడ దాటాక మళ్లీ ఎక్కేవారు. అది ఆనవాయితీ. దానికి నేనెవరికీ సంజాయిషీ ఇవ్వను. నిజాం పాలన చివరి ఏండ్లకు మా భూములు పోయాయి, గడి పోయింది, గుర్రబ్బండి పోయింది. సిద్దిపేటలో కిరాయి ఇల్లు, ఒక సైకిలు మిగిలాయి. కోహెడలో మా చెల్లెలి కూతురి పెళ్లికి ఆ సైకిలు మీదే బయలుదేరాం. నాకప్పటికే యాభై దాటాయి. వెనక క్యారేజీ మీద నా భార్య.

దారిలో ఒక ఊళ్లో కొత్త దొర గడి ఉంది. అతని తండ్రి మా పొలాలకు కాపలా కాసినవాడు. ఆ కొడుకు గేటు ముందు నేను దిగాలి. దిగదలచుకోలేదు. బాట విడిచి గుట్టల నడుమ గండిలోకి తిప్పాను. చిన్నప్పుడు వేటకు పోయిన దారి అది, ఊరు దాటాక తేలుతుంది.

గండి అంటే ఎండిన వాగే. రెండు వైపులా ఎర్రరాళ్లు నిలువునా లేచి, పొద్దెక్కేకొద్దీ మమ్మల్ని పెనం మీద వేసినట్టు మాడ్చాయి. చక్రం ఇసుకలో దిగబడేది, లేదంటే గుండ్రాళ్ల మీద ఎగిరిపడేది.

“ఇంకెంత దూరం?” అంది వెనకనుంచి.

“వచ్చినం.”

“ఇందాక గూడ గదే అన్నరు. బాట మీద పోతే ఈపాటికి పెండ్లింట్ల కూసుందుము.”

“ఆ కాపలోని కొడుక్కు మొక్కుకుంట పోదామా?”

“మొక్కుమన్నదెవరు? జర దిగి నడువుమన్నరు. నా నడుము ఇరుగుతుంది. మీ మీసం మాత్రం సల్లగుండాలె.”

గండి చివర తుమ్మముల్లు దిగి వెనక చక్రం గాలి పోయింది. సైకిలు నెట్టుకుంటూ బయటికొస్తే ఎదురుగా గేటు! ఆ కొత్త దొర గడిని పెంచి, గోడను గండి నోటిదాకా తెచ్చాడని నాకెవరూ చెప్పలేదు.

అరుగు మీద ఇద్దరు కాపలావాళ్లు.

“ఓహో, పాత దొర! చెప్పకముందే దిగిండు సూడు,” అన్నాడొకడు.

“చెప్పులు గూడ ఇడువుమను,” అన్నాడు రెండోవాడు.

“ముల్లు గుచ్చుకున్నది,” అన్నాను. వాళ్లకు కారణం చెప్పుకున్నందుకు నా నోరు నాకే చేదయింది.

“అవు దొరా. అందరికీ గీడనే గుచ్చుకుంటది.”

నేను సైకిలెక్కాను. “ఎక్కు,” అన్నాను నా భార్యతో. ఆమె చచ్చిన చక్రాన్ని చూసింది, నవ్వుతున్న వాళ్లను చూసింది. కొంగు నడుముకు చెక్కి ఎక్కి కూర్చుంది.

గాలి లేని చక్రం రాళ్ల మీద గడగడలాడింది. “దిగు! దిగుమంటే ఇనవడ్తలేదా?” అంటూ ఒకడు కర్రతో వెంటపడి చొక్కా చిరిగేలా నా వీపున ఒకటి వేశాడు. నేను తల తిప్పలేదు. గోడ పొడవునా తొక్కాను.

గోడ దాటేసరికి టైరు పీలికలైంది, చక్రం వంగిపోయింది.

“ఇగ దిగుదునా?” అంది.

“దిగు.”

నడిచి కోహెడ చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. నా చొక్కా చిరుగు చూసి “ఏమైంది అన్నా?” అంది మా చెల్లె. నేను నోరు తెరిచేలోపే నా భార్య, పందిరంతా వినేలా, “కర్రతోని కొట్టిన్రు. సైకిలు దిగలేదని,” అంది.