‘చెప్పినవారు’ అనే గడి

దయ్యం అన్న మాట ఎత్తితేనే నాకు చిరాకు. ఇరవై ఏళ్లుగా కర్నూలులో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఏది చెడినా దానికో కారణం ఉంటుంది. ఇది రాస్తూ కూడా ఆ మాట మీదే ఉన్నాను.

పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్లం కొందరం కలిసి ఒక గైడు తయారు చేస్తున్నాం. ఏ బోర్డు ఎలా విప్పాలి, ఏ డిస్కుకు ఏ అంకెలు ఇవ్వాలి, అన్నీ అందులో ఉంటాయి. ప్రతి వివరం పక్కన ‘చెప్పినవారు’ అని ఒక గడి. పేరు లేనిదే అంకె చేర్చం. అందులో మొదటి సూచన నేను రాసిందే: బ్యాటరీ తీసేముందు డిస్కు అంకెలు రాసుకోండి. తీస్తే ఆ కాలపు యంత్రం తన డిస్కును తానే మర్చిపోతుంది.

జమ్మలమడుగు దగ్గర ఓబులమ్మ ఇంట్లో అలాంటిది ఉందంటే ఫొటోలకు వెళ్లాను. ఆమె భర్త దానిమీద చీరల అంచులు గీసేవాడు. చివరి అంచు గీసి, నేయకుండానే పోయాడు. దాన్ని తన చేత్తో నేయాలని ఆమె ఆశ. మూత విప్పితే బ్యాటరీ కారి పచ్చగా చిలుము పట్టి ఉంది. బోర్డు పాడవుతుందని తొందరపడి పీకేశాను. అంకెలు రాసుకోలేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

ఆ అంకెలుండే చీటీ డిస్కు మీంచి ఎప్పుడో రాలిపోయింది. ఓబులమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది.

మూడోసారి వెళ్లింది ఎండాకాలం మధ్యాహ్నం. తెలిసిన అంకెలన్నీ కొట్టి చూశాను, డిస్కు పలకలేదు. అంతలో కరెంటు పోయింది. ఆమె పక్కింటికి వెళ్లింది. ఆ గదిలోనే ఉన్న మగ్గం గుంత చల్లగా ఉంటే కాళ్లు వేలాడేసి కూర్చున్నాను. పడుగు లేని ఖాళీ మగ్గం అది. గంజి వాసనకు కళ్లు మూతలు పడ్డాయి. ఎక్కడో దూరంగా మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడుతున్న చప్పుడు. భయం వేయలేదు, నీళ్లలో తేలుతున్నట్టు హాయిగా ఉంది. చెవి పక్కనే ఒక మగ గొంతు నిదానంగా అంది.

“తొమ్మిదినూర్ల ఎనభై. పది. పదిహేడు. రాసుకోప్పా, మళ్లా మర్చిపోతావు.”

ఫ్యాను తిరిగి మెలకువ వచ్చింది. గదిలో ఎవరూ లేరు. ఆ మూడు అంకెలూ కొట్టాను. డిస్కు గరగరమంది. ఆయన చివరి ఫైలు తెరిస్తే తెర నిండా చింతాకుల అంచు.

ఓబులమ్మ వచ్చి తెర ముందు నిలబడిపోయింది. జరిగింది చెప్పాను. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“పోగులు లెక్కబెట్టేటప్పుడు ఆయన అట్లనే, ఒక్కో అంకె నిలిపి చెప్తాండె” అంది.

అంకెలు గైడులో చేర్చాలి కదా. ‘చెప్పినవారు’ గడి దగ్గర నా పెన్ను ఆగింది. మీ ఆయన పేరేమిటని అడిగాను. భర్త పేరు ఆమె ఎన్నడూ నోటితో పలకలేదట. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం దిద్దుతూ తనే రాసింది.

ఆ అంచును గళ్ల కాగితం మీదికి ఎత్తుకుని ఇప్పుడు నేస్తోంది. మొదటిరోజే ఆ అంకెలు నేను తెరమీద చూసి ఉంటానని నా భార్య అంటుంది. అంకెలు కనిపించే పేజీ ఆరోజు తెరవనే లేదు, నా తప్పే అది. ఎంత ఆలోచించినా కారణం దొరకలేదు.

మొన్న గైడు చూసి మావాళ్లలో ఒకాయన ఫోన్ చేశాడు. తన దగ్గర కూడా చీటీ లేని డిస్కు ఉందట, ఆ చెప్పినాయన ఫోన్ నంబరు కావాలట.