తోమిన తుపాకీ

ఆ నిపుణుడి మొహం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివర్లో సంగతి. అన్నలు తిరుగుతున్నారని ఏజెన్సీలో ఊరూరా సోదాలు జరిగేవి. చింతపల్లి దగ్గర కొండ మీద మా మేనమామ ఇంట్లో పోలీసులకు ఒక రివాల్వర్ దొరికింది. దొరికిందనడం కూడా తప్పే. అది దాచింది కాదు. దేవుడి మూల అందరికీ కనబడేలా పసుపు కుంకుమలతో ఉండేది. తెల్లదొరల కాలంలో ఇంటికొచ్చిందట. చైత్రంలో ఇటుకల పండగకి, వేటకు వెళ్ళే ముందు, బాణాలతో పాటు దానికీ ఒక కోడిని కోసేవారు. దాన్ని పేల్చినవాళ్ళెవరూ లేరు. గుళ్ళు పెట్టే చక్రం తుప్పు పట్టి ఎప్పుడో బిగుసుకుపోయింది.

నేనప్పుడు అరకులోయలో టీచర్ని. కబురు తెలిసి దొరికిన జీపు పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాను. మావ నేల మీద కూర్చుని ఉన్నాడు. అది పాతకాలపుదని తేలితే వదిలేస్తారు. ఈమధ్య చేసిన నాటుదైతే అన్నల కోసం చేయించాడని కేసు, జైలు. అది తేల్చడానికే నగరం నుంచి నిపుణుణ్ణి పిలిపించారు.

ఆయన దాన్ని రుమాలుతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"వందేళ్ళ తుపాకీ ఇలా మెరుస్తుందా? కంపెనీ పేరు లేదు, ముద్ర లేదు. పిడి చూడండి, అడవి కర్ర. నాటుదే."

మెరవక ఏం చేస్తుంది!

"పండగ పండక్కీ సింతపండు, బూడిదెట్టి తోముతాం బాబూ," అన్నాడు మావ. "దేవుడి సామాను మాసిపోనిత్తామేటి?"

ఇత్తడి చెంబుని తోమినట్టు తరతరాలుగా తోమి అక్షరాలన్నీ అరగదీశారు మావాళ్ళు. భక్తితో చేసిన పని మెడకు చుట్టుకుంది.

"కథలు చెప్పకు," అన్నాడాయన.

నాకు కోపం నషాళానికెక్కింది. "పాత పిడిని చెదలు తినేస్తే మా తాత కొత్తది చెక్కించాడు. కర్ర మారిస్తే గొడ్డలి మారిపోతుందా సార్? పిడి కింద ఎవరూ తోమలేదు కదా. విప్పి చూశారా?"

"నాకు పని నేర్పుతున్నావా?"

"చూశారా, లేదా?"

చివరికి ఎస్సైకే విసుగొచ్చి స్క్రూడ్రైవర్ తెప్పించాడు. పిడి ఊడింది. కింద ఇనుము మీద ఫ్యాక్టరీ నల్లపూత చెక్కుచెదరలేదు. దాని మీద అంకెలు. చక్రం వెనక తుప్పు గీకితే అక్కడా అవే అంకెలు. భాగాలన్నీ ఒకే తుపాకీవన్నమాట. అప్పుడు తీశాడాయన భూతద్దం. అంతసేపూ అది జేబులోనే ఉంది!

"విలాయతీ సరుకు. ఒరిజినల్. వందేళ్ళ పైమాటే," అంటూ పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాడు. పొరపాటు పడ్డానని ఒక్క ముక్క లేదు. జైలుకి పోవాల్సిన మనిషి వైపు తిరిగైనా చూడలేదు.

మావని వెళ్ళిపొమ్మన్నారు. అతను కదలకుండా చేతులు చాపాడు.

"అది ఇవ్వరు. అంత పాత వస్తువు ఇళ్ళల్లో ఉండకూడదు. గవర్నమెంటుది," అన్నాడు ఎస్సై.

నాటుదైతే మనిషిని పట్టుకుపోతారట, అసలుదైతే దేవుణ్ణి. ఇదెక్కడి న్యాయమని అరిచాను.

మావా నేనూ జీపులో ఘాటీ ఎక్కాం. ఇంటికెళ్ళేసరికి అత్త గడపలోనే నిలబడి ఉంది. అతన్ని చూసి కళ్ళు తుడుచుకుంది. తర్వాత అతని చేతుల వంక చూసింది.

"అదేదీ?"

"ఒరిజినలేనట," అన్నాడు మావ.