చరణానికో తుడుపు

సాలమోను మాస్టారు ప్రతి చరణం అయ్యేక చేతులు తుడుచుకుంటారు. ఆయన ఊరి పేరు నగరం, ఉన్నది మాత్రం మామిడికుదురు పక్కన పల్లెటూరు. ఆ ఊరి చర్చిలో ఆయన స్టీలు గిటారు వాయిస్తారు. చరణం అవగానే వాయిద్యం ఆపి, తువ్వాలు తీసి, వేళ్ళ సందులు కూడా వదలకుండా తుడిచి, పౌడరు రాసి, చేతులు వెలుతురుకి పెట్టి చూసుకుంటారు. అప్పుడుగానీ రెండో చరణం రాదు. పరలోకం గురించిన పాటైతే అక్కడికి చేరడానికి మూడు మజిలీలు.

ఆయన్ననుకుని లాభం లేదు. కోనసీమ గాలే అంత. ఎడారుల్లో జనం చుక్క నీటికోసం పడ్డ పాట్లు పుస్తకాల్లో చదువుతాం. ఇక్కడ వానాకాలం వస్తే డబ్బాలో ఉప్పే నీళ్ళు కారుతుంది. పైగా ఈ గిటారుని ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఇనప కడ్డీ జార్చుతూ వాయించాలి. కడ్డీ తీగ మీద జారాలి గానీ చేతిలోంచి జారకూడదు. ఒకసారి రెండోదే జరిగింది. కడ్డీ కాలి మీద పడి, దీవెన చెబుతున్న పాస్టరుగారు 'ఆమేన్' బదులు 'అమ్మో' అన్నారు.

దాంతో మాస్టారు పంతం పట్టేరు. పటిక నీళ్ళలో చేతులు నానబెట్టేరు. బియ్యప్పిండి పూసేరు. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కి, గాలికి ఆరతాయని రెండు చేతులూ చాపి నిలబడితే, నడిపేవాడు "ఎటు తిప్పమంటారండీ మాస్టారూ?" అనడిగేడు. ఒక పెళ్ళిలో పౌడరనుకుని, పూతరేకుల కోసం ఉంచిన పంచదార పొడిలో చేతులు ముంచేరు. పాట బాగానే వచ్చింది. చీమలే వారం దాకా గిటారుని వదల్లేదు.

కోత పండుగ దగ్గరపడింది. కీబోర్డు వాయిస్తూ పాటల బృందాన్ని నడిపే క్రాంతికుమార్ ఇక ఉండబట్టలేకపోయేడు.

"మాస్టారూ, ఆరాధన ఫోన్లో లైవ్ వెళ్తుందండి. మీరు తుడుచుకుంటుంటే చూసేవాళ్ళు నెట్ పోయిందనుకుంటున్నారు."

"ఆయ్."

"ఈసారి ఆగేరంటే గిటారు మానేసి కీబోర్డుతోనే కానిచ్చేద్దామని కమిటీలో అనుకున్నామండి."

"ఆయ్. చెమట మీ కమిటీలో లేదు కదా బాబూ."

క్రాంతికీ పంతం వచ్చింది. పండుగనాడు మాస్టారి చేతులకి ఎదురుగా చిన్న ఫ్యాను బిగించేడు. గుమ్మడికాయలూ కొబ్బరి గెలలూ పేర్చిన వేదిక పక్కన, ఎప్పట్లాగే సూరమ్మగారు పాట ఎత్తుకున్నారు. డెబ్బై దాటినా పాట ఎత్తుకునే పని ఇంకొకరికి ఇవ్వరావిడ.

మొదటి చరణం అయింది. మాస్టారు తువ్వాలు తీసేరు. క్రాంతి ఆగలేదు, రెండో చరణం మొదలెట్టేసేడు. సూరమ్మగారు నోరు తెరిచేరు. పాట రాలేదు. చెయ్యి గుమ్మడికాయ మీద ఆనింది.

ఠంగుమని మాస్టారి కడ్డీ నేల మీద పడింది. అందరి చూపూ ఇటు తిరిగింది.

"క్షమించాలండీ, పాడు చెమట," అన్నారు మాస్టారు.

జనం నవ్వేరు. క్రాంతి వంగి కడ్డీ తీసి ఆయన చేతిలో పెట్టేడు. ఆ అరచెయ్యి ఎండు కొబ్బరిలా పొడిగా ఉంది. తలెత్తి చూస్తే, అవతల సూరమ్మగారు ఎవరూ చూడకుండా ఊపిరి కూడదీసుకుంటున్నారు.

ఆరాధన అయ్యేక క్రాంతి మాస్టారిని పక్కకి పిలిచేడు. "చెమటేదండీ?"

"మూడేళ్ళయింది ఆగి. పటిక పనిచేసింది."

"మరి ఈ తువ్వాలూ..."

"ఆవిడకి ఆయాసం బాబూ. తనకోసం ఆగేమని తెలిస్తే రేపట్నించి పాడదు. నా చేతులంటావా, వాటికి సిగ్గు లేదు."

ఇంతలో సూరమ్మగారే వచ్చేరు. "ముసల్దాన్ని, నేనే గుక్క తిప్పుకోకుండా పాడుతుంటే మీ చేతులకేం రోగమండీ?"

"ఆయ్. పాపిష్టి చేతులండి సూరమ్మగారూ."

తర్వాతి ఆదివారం మొదటి చరణం అయింది. మాస్టారు తువ్వాలు తీసేరు. క్రాంతి కూడా కీబోర్డు వదిలి జేబురుమాలు తీసి, వేలు వేలూ తుడుచుకోసాగేడు.

"నీకూనా నాయనా?" అన్నారు సూరమ్మగారు, మైకు ఉందన్న సంగతి మరిచిపోయి.

"అంటుకుందండీ."

పాస్టరుగారు ముందుజాగ్రత్తగా కాళ్ళు కుర్చీ కిందకి లాక్కున్నారు.