గమ్మునుండబ్బా!

రెండువేల ఇరవై మూడు, ఎండలు ముదురుతున్న రోజులు. మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో కాపురముంటూ, ఆ ఊళ్లోనే పిల్లల కేంద్రమొకదానిలో స్పీచ్ థెరపిస్టుగా చేస్తున్నాను. అంటే మాటలు ఆలస్యమైన పిల్లలకీ, నత్తి ఉన్న పిల్లలకీ మాట సాయం చేసే పని. మా అత్తగారు ఊళ్లో అందరికీ "మా కోడలు మాటల డాక్టరు" అని చెప్పుకుంటారు. డాక్టర్ని కాదు మొర్రో అంటే వినరు. మా ఆయన మాత్రం "వసపిట్టకి సరిగ్గా సరిపోయిన ఉద్యోగం దొరికింది" అంటాడు. నిజమే, నాకు నోరు మూసుకుని కూర్చోవడం చేతకాదు. ఈ కథలో ఆ గుణమే నా ప్రాణం మీదికి తెచ్చింది.

వారానికోసారి మేము సమాయిల్ అనే ఊరికి వెళ్లి అక్కడి పిల్లల్ని చూసేవాళ్లం. నాకు తోడు మైసా అనే ఒమానీ అమ్మాయి. నా అరబ్బీ కూరగాయల కొట్టు దాకా పనికొస్తుంది, అంతకు మించి కష్టం. అందుకని తల్లిదండ్రులతో అసలు మాటలన్నీ మైసా నోటి మీదుగానే నడిచేవి.

అలా వెళ్లిన ఒక రోజు వచ్చిన పిల్లవాడి పేరు సాలిం అనుకుందాం. అసలు పేరు వేరు. వాళ్లమ్మని అడిగి, ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను. నాలుగేళ్లు నిండబోతున్నాయి. బుగ్గలు పట్టుకుని లాగాలనిపించేంత ముద్దుగా ఉన్నాడు. తండ్రి ఎడారిలో ఆయిల్ ఫీల్డ్ డ్యూటీ, వారాల తరబడి ఇంట్లో ఉండడు. తల్లి స్కూల్లో టీచరు. వినికిడి పరీక్ష బాగానే వచ్చింది. "నీళ్లకి మాయ్ అంటాడు, నాన్నని బాబా అంటాడు, అంతే. నేను ఎదురుగా ఉంటే అంతకు మించి పెదవి విప్పడు" అని చెప్పిందావిడ. బడిలో చేర్చుకోరేమో, మాట రానివాడన్న ముద్ర పడిపోతుందేమో అని ఆమె భయం. నేనిచ్చే రిపోర్టు చూసే బడివాళ్లు నిర్ణయిస్తారట.

పరీక్ష మొదలుపెట్టాం. మా పనిలో దాన్ని అసెస్‌మెంట్ అంటాం. పిల్లవాడికి ఎంత అర్థమవుతుందో, ఎంత చెప్పగలడో ఆటల్లో, బొమ్మల్లో చూడటం. మైసా అరబ్బీలో అడుగుతుంది, వాడు వాళ్లమ్మ వైపు చూస్తాడు, నోరు గట్టిగా మూసుకుంటాడు. కళ్లు మాత్రం పాదరసం! ఆ చూపున్న పిల్లవాడికి మాట ఎందుకు రాలేదో నాకు ఎంతకీ అంతు పట్టలేదు.

ఇంతలో స్కూలు నుంచి ఫోనొస్తే ఆవిడ బయటికి వెళ్లింది. నేను కీ ఇచ్చిన కోతి బొమ్మ బల్ల మీద తాళాలు వాయిస్తూ ఒకటే గోల. సాలిం కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత దాని నెత్తిన అరచెయ్యి బోర్లించి, విసుగ్గా అన్నాడు.

"గమ్మునుండబ్బా!"

నేను కుర్చీలోంచి లేచిన తీరుకి మైసా హడలిపోయింది. గమ్మునుండు అంటే ఊరుకోమని. రాయలసీమ మాట, అందులోనూ ఆ 'అబ్బా' కడప వైపుది! సమాయిల్లో, దిష్‌దాషా అనే తెల్లటి పొడుగు అంగీ తొడుక్కున్న ఒమానీ బుడ్డోడి నోట!

"ఏమన్నావ్ రా? మళ్లీ అను!" అన్నాను తెలుగులో.

వాడు నోరు తెరిచి నన్ను కిందా మీదా చూశాడు. "నీగ్గూడా వస్తాదా?" అన్నాడు. ఈ భాష లోకంలో ఇంకెవరికైనా వచ్చన్న సంగతి వాడికి అప్పుడే తెలిసింది పాపం.

ఇక చూడండి! కోతికి ఆకలేస్తాండాది, బువ్వ పెట్టల్లంట. ఆ కారు యాడికీ పోదంట, చక్రం ఊడిపోయిందంట. కట్ట తెగిన చెరువులా మాటలు. నాకు ఒళ్లంతా పులకరింత. మైసా నా చెయ్యి గిల్లుతూ "షూ యిగూల్? ఏమంటున్నాడు?" అని ఒకటే అడగడం. "వాడికి మాటొచ్చు మైసా, బంగారంలాంటి మాటొచ్చు! మనమే తప్పు భాషలో అడుగుతున్నాం" అని గట్టిగా అరిచేశాను.

వాడికి ఆ భాష ఎక్కడిదో వెతకక్కర్లేకపోయింది. వరండాలో వాడి నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ఓబులమ్మ. సాలిం పురిటి బిడ్డగా ఉన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో పనిచేస్తోంది. తెలుగులో పలకరించగానే లేచి నిలబడింది, సంతోషం కాదు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వాడు మాట్లాడినాడా తల్లీ?"

"మాట్లాడాడక్కా. కోతిని గమ్మునుండమన్నాడు."

ఓబులమ్మ గోడకి ఆనుకుంది. "నీకు దండం పెడ్తా, మేడంకి చెప్పొద్దు. బిడ్డతో అరబ్బీ తప్ప ఇంగో మాట మాట్లాడొద్దని ముందే చెప్పింది. నాకొచ్చిన అరబ్బీ మూడు ముక్కలు. రా, పో, తిను. మూడు ముక్కల్తో బిడ్డను యెట్ల పెంచేది? యేడిస్తే యేమని ఊరుకోబెట్టేది?"

"మరి వాళ్లమ్మ ముందు అసలు నోరే ఎందుకు విప్పట్లేదు?"

తల వంచుకుంది. "మేడం ముందర గమ్మునుండు నాయినా అని నేనే నేర్పిచ్చినా. అంత గట్టిగా పట్టుకుంటాడనుకోలే. నువ్వు మనోళ్ల మనిషివి, కడుపులో పెట్టుకోమ్మా. ఈ కొలువు పోతే నేను బతికేది యెట్ల?"

నాకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. ఒక పసివాడికి మౌనం నేర్పింది, తల్లి కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకుంది. ఆ వెంటనే జాలి. దేశం కాని దేశంలో మూడు ముక్కల భాషతో బిడ్డని పెంచమంటే నేను మాత్రం ఏం చేసేదాన్ని? పైగా ఆ 'మనోళ్లు' అన్న మాట ఉందే, అది చాలా చెడ్డది. ఎంత గట్టి మనిషినైనా మెత్తబరుస్తుంది.

కానీ నా దగ్గరికి వచ్చినవాడు సాలిం. మా వృత్తి ధర్మంలో ముందు వాడు, తర్వాతే ఎవరైనా. మాట రాలేదని రాస్తే పచ్చి అబద్ధం, ఆ అబద్ధం వాడి మెడకి చుట్టుకుంటుంది. నిజం దాచి ఎలాగోలా నెట్టుకొద్దామా అంటే అది తల్లికి చేసే మోసం. అయితే ధర్మం ఓబులమ్మ వైపు కూడా ఒకటి ఉంది. నిజం చెప్పే తీరు ఒక మనిషి బతుకుని తీసేయకూడదు.

"అక్కా, నేను దాచను. దాచలేను కూడా. కానీ నీ వెనక చెప్పను, నువ్వు పక్కన ఉండగానే చెబుతాను. నువ్వనే ప్రతి మాటా ఆవిడకి చేరుస్తాను, ఆవిడ అనేదీ నీకు చేరుస్తాను. ఒక్కటి కూడా తగ్గించను" అన్నాను.

"ఇంగేం జేస్తాం, పద" అంది ఓబులమ్మ.

తల్లి రాగానే అందరం ఒకే గదిలో కూర్చున్నాం. ముందు నేనేమీ చెప్పలేదు. బొమ్మల కార్డులు ఓబులమ్మ చేతికిచ్చి, "ఇంట్లో ఎలా అడుగుతావో అలాగే అడుగు" అన్నాను. సాలిం తల్లిని చూసి నోరు మూసుకున్నాడు. ఓబులమ్మ వాడి తల నిమిరి, "యేం కాదులే నాయినా, మాట్లాడు. ఇంగ గమ్మునుండే పని లేదు" అంది.

"కుక్క పండుకోనుండాది. పిల్లోడు బువ్వ తింటాండాడు. ఇది బస్సు, బడికి పోతాది..." కార్డు తరువాత కార్డు. మైసా కళ్లు చెమర్చాయి. తల్లి మాత్రం రాయిలా కూర్చుండిపోయింది. కొడుకు ఆమె ముందు గలగలా మాట్లాడటం అదే మొదటిసారి. అందులో ఒక్క ముక్కా ఆమెకి అర్థం కాలేదు.

అప్పుడు చెప్పాను. మైసా అరబ్బీ చేసింది. వింటూ వింటూ ఆవిడ ముఖం ఎర్రబడింది. ఓబులమ్మ వైపు తిరిగి అన్నది మైసా ఇంగ్లీషులో చెప్పింది. దాన్ని తెలుగులో చెప్పాల్సింది నేను. "రోజూ నేను వాడి పక్కన పడుకుని ఏడ్చాను. నువ్వు చూశావు. చూస్తూ ఊరుకున్నావు." కాస్త మెత్తగా చెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది. మాటిచ్చాను కదా, ఉన్నదున్నట్టే చెప్పాను.

ఓబులమ్మ చేతులు జోడించింది. "నాదే తప్పు మేడం. పంపిచ్చేసినా నేనేమనను. బిడ్డకు మాట్లేదని మాత్రం ఎవ్వర్నీ అననియ్యొద్దు." అదీ చెప్పాను. 

 తల్లి మైసా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది. "సాయంత్రం నా కారు గేటు దగ్గరికి రాగానే లోపల్నుంచి వీడు ఒక కేక పెడతాడు. దిగి వచ్చేసరికి మూగైపోతాడు. అదేమిటి?" అంటూ తన నోటికి వచ్చినట్టు అని చూపించింది. "మాయమ్‌వొచ్చె."

నేను ఓబులమ్మని చూశాను. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. "మాయమ్మొచ్చె అంటాడు మేడం. అన్నీ ఆపినా గానీ, ఆ ఒక్కటి ఆపలేకపోయినా. కారు సద్దు ఇంటే చాలు, యెంత చెప్పినా నిలవడు."

"'మా అమ్మ వచ్చింది' అంటున్నాడు" అన్నాను. మైసా అరబ్బీలో చెప్పడం పూర్తికాకముందే ఆ తల్లి కొడుకుని లాగి గుండెకి హత్తుకుంది.

ఆ రోజు ఓబులమ్మతో ఒక్క మాటా మాట్లాడకుండానే కారెక్కింది. నేనేమో, పిల్లవాడి మాట ఎంత బాగుందో, ఆ భాషని తుంచేస్తే ఎంత నష్టమో, పెంచిన మనిషిని దూరం చేస్తే అరబ్బీ కూడా ఎలా వెనకబడుతుందో, మైసాని లాక్కుంటూ కారు కిటికీ దాకా వెంటపడి వాగాను. ఏ భాషలోనైనా మాట బలంగా ఉన్న పిల్లవాడు రెండోదాన్ని తొందరగా అందుకుంటాడని చెప్పాను. బడివాళ్లకి రాసిన రిపోర్టులో అదే రాశాను. ఓబులమ్మని ఉంచమని మాత్రం అడగలేదు. అది ఆ ఇంటి నిర్ణయం, నా పరిధి కాదు. అడక్కుండా ఉండటానికి నేను పడ్డ బాధ ఆ దేవుడికే ఎరుక. వారమంతా నాకు అన్నం సయించలేదు.

మళ్లీ వారం కిటికీ దగ్గరే నిలబడ్డాను. కారు ఆగింది. ముందు తల్లి దిగింది. తర్వాత సాలిం. వెనక తలుపు తెరుచుకుని, నీళ్ల సీసా పట్టుకుని ఓబులమ్మ! నేను ఎగిరి గంతేస్తే మైసా నా వెనకే గంతేసింది.

పద్ధతి తేలిగ్గానే కుదిరింది. సాయంత్రాలు అమ్మ అరబ్బీ కథలు, ఆటలు. పగలు ఓబులమ్మ తెలుగు. ఎవరూ ఎవరి ముందూ మూతి బిగించే పని లేదు. అరబ్బీ వానకాలం గడ్డిలా మొలిచింది. బడివాళ్లూ చేర్చుకున్నారు. ఆ తర్వాత నేను ఏ పిల్లవాడి రిపోర్టులోనూ "మాట రాదు" అని రాయలేదు. ఏ భాషలో రాలేదో, ఎవరి ఎదుట రాలేదో కూడా రాస్తున్నాను. ఒక బిడ్డ మౌనం వెనక ఎవరి భయం ఉందో చూడందే సంతకం పెట్టడం లేదు.

ఆఖరిసారి వచ్చినప్పుడు సాలిం ఊపిరి తీసుకోకుండా వాగాడు. అమ్మకి అరబ్బీలో, ఓబులమ్మకి తెలుగులో, నాకు రెండూ కలిపి. నేను చెప్పేది వినపడక వాళ్లమ్మ వాడి వైపు తిరిగి, ఒమానీ యాసలో అనేసింది: "గమ్మునుండబ్బా!"

అని, చప్పున తన నోరు తానే మూసుకుంది. వెంటనే వంగి, వాడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"లా, లా. తకల్లం, హబీబీ" అంది. వద్దు, వద్దు. మాట్లాడు నాన్నా, మాట్లాడు.